చివరి నాలుగు నిమిషాల కాపలా

అరిగిపోయిన నా రెండు మోకాళ్ళ మీద ఒట్టు. ముప్ఫై ఏళ్ళు మెడలో వేలాడిన విజిల్ మీద ఒట్టు. ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈపాటికే నవ్వుకుంటూ ఉంటారు. మా కాలేజీ లెక్కల మాస్టారైతే, "వీడు చెప్పినదాంట్లో సగం కొట్టెయ్యండి. మిగిలినదాన్ని రెండుతో భాగించండి. అప్పటికీ కొంచెం ఎక్కువే ఉంటది" అనేవాడు. అందుకే ప్రమాణంతో మొదలుపెట్టాను. కొత్తగా కాలేజీల్లో పీడీలుగా చేరుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇది మీకోసం. మీరు నన్ను ఎరగరు కాబట్టి నమ్మటానికి మీకు అడ్డేమీ లేదు.

నేను సత్తెనపల్లిలో ఒక డిగ్రీ కాలేజీకి పీడీగా, అంటే ఆటల మాస్టారుగా పనిచేశాను. మోకాళ్ళు ఇక చాలన్నాయి, యాభై నాలుగేళ్ళకే వదిలేశాను. ఈ సంగతి జరిగి పదిహేనేళ్ళు దాటింది.

మా కాలేజీకి ఉన్నది ఒక్కటే బాస్కెట్‌బాల్ కోర్టు, సిమెంటుది. చుట్టుపక్కల అంత చదునుగా, అంత వేడెక్కే గచ్చు మరొకటి లేదు. అందుకని మిరపకోతలు మొదలైతే చాలు, దాని మీద కాయలు ఆరేవి. ప్రిన్సిపాల్ గారు కాదనలేకపోయేవారు, ఎందుకంటే ఆ కాయల ఆసాముల పిల్లలే మా కాలేజీలో చదివేది. సాయంత్రం ఐదింటికి కాయల్ని ఒక పక్కకి ఎగదోసి, పట్టా కప్పి, మిగిలిన సగం కోర్టులో మేం ఆడేవాళ్ళం. కళ్ళు మండేవి, ముక్కులు కారేవి. బయటి జట్లు వస్తే మొదటి పది నిమిషాలూ తుమ్ములతోనే సరిపోయేది. ఆ పది నిమిషాల్లో మేం చేసిన పాయింట్లతోనే చాలా మ్యాచ్‌లు గెలిచాం.

మేం అంటే టౌన్ జట్టు. కాలేజీ పిల్లల్ని పగలు ఆడించి, సాయంత్రం వీళ్ళకి కోచ్‌గా ఉండేవాణ్ణి. ఒక కరెంటు లైన్‌మన్, ఇద్దరు స్కూలు టీచర్లు, ఒక బ్యాంకు గుమాస్తా, ఇంకా కొందరు. పురుగుమందుల కొట్టు యజమాని మా కెప్టెన్. బనియన్లు ఆయనే కుట్టించాడు, వాటి వీపు మీద కొట్టు పేరూ ఆయనే వేయించాడు. చెడ్డవాడు కాదు. బాగా ఆడేవాడు, ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

ఇక అసలు మనిషి. అతను ఆరబోసిన కాయలకి కాపలా ఉండేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, నిలబడితే చేతులు మోకాళ్ళ దాకా వచ్చేవి. మిగతా రోజుల్లో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. కాయల కాలంలో మాత్రం రోజుకూలికి మా కోర్టు దగ్గర ఉండేవాడు. జట్టులోకి వచ్చాక కూడా అందరూ అతన్ని 'కాపలా' అనే పిలిచారు, నేనూ అలాగే రాస్తాను.

అతన్ని నాకు పరిచయం చేసింది ఒక మేక. కాలేజీ గోడ వెనక టీకొట్టు పిన్నిగారి మేక అది. మేక ఎండుమిరపకాయలు తింటుందా అని అడక్కండి, ఆ మేక మా ఆఫీసు హాజరుపట్టీ కూడా తిన్నది. ఒక మధ్యాహ్నం నేను మెట్ల మీద కూర్చుని చూస్తుండగా అది కాయల మీదకి వచ్చింది. కాపలా లేచి దానికి ఎదురు నిలబడ్డాడు. చేతిలో కర్ర లేదు. నడుం వంచి, రెండు చేతులూ కిందికి చాచి, అది ఎటు కదిలితే అటు పక్కకి జరుగుతున్నాడు. ఒక్కసారి కూడా కాలు మీద కాలు పడలేదు. మేక కుడివైపు వెళ్ళినట్టు నటించి ఎడమవైపు దూకింది. అతను అప్పటికే అక్కడ ఉన్నాడు. వెనక్కి తగ్గి పరుగెత్తుకుంటూ వచ్చింది. అక్కడా ఉన్నాడు. ఇలా కాసేపు ఆడి, ఆ మేక విసుగుపుట్టి పడుకుంది. నా ఉద్యోగంలో చాలామంది ఆటగాళ్ళని చూశాను. ఆ మేకంత మాయ చేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

"కర్ర తెచ్చుకోవచ్చుగా?" అని అడిగాను.

"కొడితే పిన్నిగారికి కోపం మాస్టారూ. మళ్ళీ మనకి టీ పొయ్యదు."

"అది ఎటు పోద్దో నీకెట్టా తెలుస్తంది?"

"తల ఇటు చూపించుద్ది, కొమ్ములు అటు తిప్పుద్ది, అన్నీ దొంగ వేషాలు. పొట్ట మాత్రం అబద్ధం ఆడదు. పొట్ట ఎటు తిరిగితే మేక అటే."

ట్రైనింగు కాలేజీలో నేను చదివిన లావుపాటి పుస్తకాల్లో ఈ మాట నాలుగు పేజీలు ఉంటుంది. ఇంత సూటిగా ఉండదు. మర్నాడే అతనికి బనియను ఇచ్చాను.

అతనికి బంతి వెయ్యటం రాదు. చివరిదాకా రాలేదు. బుట్ట కింద నిలబెట్టి వెయ్యమంటే బోర్డు దాటి కాయల్లో పడేది. నేర్పటం మానేశాను. తమ్ముళ్ళూ, ఇలాంటివాణ్ణి బెంచీ మీద ఉంచుకోవటం ఒక విద్య. అతన్ని మొదటి ఐదుగురిలో దించకూడదు, ఎందుకంటే అతను కోర్టులో ఉన్నంతసేపూ మన దాడి నలుగురితోనే. ఎదుటి జట్టులో ఒకడికి చెయ్యి తిరిగి, వేసిందల్లా పడుతున్నప్పుడు దించాలి. బంతిని ఆపడం అతని పని కాదు. ఆ మనిషికి బంతి అందకుండా చూడటమే పని. మొదటి భాగంలో రెండు నిమిషాలు పంపితే ఎదుటివాడికి రుచి తెలుస్తుంది. మూడో భాగంలో మరో మూడు నిమిషాలు పంపితే వాడికి చిరాకు పుడుతుంది. చివరి నాలుగు నిమిషాలకి వాడు బంతి కోసం కాకుండా కాపలావాడు ఎక్కడున్నాడా అని వెతుక్కుంటూ ఉంటాడు. ఆట ఆగిన ప్రతిసారీ అతన్ని లోపలికి పంపడం, మనకి బంతి వస్తే మళ్ళీ ఆట ఆగంగానే బయటికి తియ్యడం. మనిషికి ఐదు తప్పులదాకా, అంటే ఫౌల్స్‌దాకా, ఆడనిస్తారు కదా, అతని ఐదూ నా చేతిలో ఉండేవి. ఎక్కడ వాడాలో నేను చెప్పేవాణ్ణి.

మా లెక్కల మాస్టారు జట్టుకి స్కోరర్. మ్యాచ్ అయ్యాక కాగితం చూపించి నవ్వేవాడు. "ఒరేయ్, మీ కాపలా వరసలో పాయింట్లు సున్నా, తప్పులు నాలుగు. ఇతన్ని ఏ లెక్కన ఆడిస్తన్నావురా?"

"ఎదుటివాడి వరస చూడు" అనేవాణ్ణి. ఇరవై వెయ్యాల్సినవాడి దగ్గర ఏడు ఉండేది. అది కాపలా పనే. కాకపోతే ఆ కాగితంలో దానికి గడి లేదు.

ఇంకో సంగతి. రోజంతా కాయల్లో తిరిగినవాడి చేతులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. నర్సరావుపేట నుంచి వచ్చిన ఒక ఆటగాడికి అతని అరచెయ్యి మోచేతికి తగిలింది. ఆయన ఆ మోచేత్తో నుదుటి చెమట తుడుచుకున్నాడు. తర్వాత సగం ఆట కళ్ళు మూసుకునే ఆడాడు. రిఫరీ నా దగ్గరికి వచ్చి, "ఏంది మాస్టారూ ఇది, ఆటా, కారం దంచటమా?" అన్నాడు. అప్పటినుంచి ప్రతి మ్యాచ్‌కి ముందు కాపలా చేతుల్ని కొబ్బరినూనెతో రుద్ది, మజ్జిగతో కడిగించడం కోచ్‌గా నా బాధ్యత అయింది. ఏ పుస్తకంలోనూ లేదు ఈ బాధ్యత.

ఆ ఏడు మేం ఒక పెద్ద టోర్నమెంటులో సెమీస్ దాకా వెళ్ళాం. సెమీస్ పొదిలిలో. అక్కడ నేనొక తప్పు చేశాను. కాపలాని దించి, మనకి బంతి వచ్చాక తీసేద్దామనుకున్నాను. ఆట ఆగితే కదా తీసేది. ఆగలేదు. లైన్‌మన్ కంగారులో బంతి తీసుకెళ్ళి బుట్ట కింద ఒంటరిగా ఉన్న కాపలా చేతిలో పెట్టాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. కాపలా బంతి వంక చూశాడు, బుట్ట వంక చూశాడు. తర్వాత పక్కనే ఉన్న రిఫరీ దగ్గరికి నడిచి రెండు చేతులతో మర్యాదగా బంతి ఆయనకి అప్పజెప్పాడు.

పొదిలి జనం నవ్వి నవ్వి కుర్చీల్లోంచి పడ్డారు. మేం చచ్చీచెడీ ఒక్క పాయింటుతో గెలిచాం. కెప్టెన్ మాత్రం నవ్వలేదు. "నా బనియను వేసుకుని నన్ను నవ్వులపాలు చేశాడు. ఫైనల్లో వీణ్ణి దించారంటే నేను ఆడను మాస్టారూ" అన్నాడు.

"వాడు లేకపోతే వాళ్ళ షూటర్‌ని ఎవడు ఆపుతాడయ్యా?"

"అయిదుగురం బుట్టలో వేసుకుంటాంగా. ఆపేదేంది."

ఆ రోజుల్లో నా సాయంత్రాలు ఎలా ఉండేవో కొంచెం చెప్పాలి. నాకు ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేరు. ప్రాక్టీసు అయ్యాక అందరూ బళ్ళు ఎక్కి ఇళ్ళకి పోయేవాళ్ళు. కాపలా మాత్రం రాత్రి కాపలా మనిషి వచ్చేదాకా ఉండాలి. ఇద్దరం బెంచీకి చెరో చివర కూర్చునేవాళ్ళం. అతను తువాళ్ళు మడతపెట్టేవాడు. నేను ఏదో ఒక కథ అల్లేవాణ్ణి, ఒకసారి జాతీయ జట్టు కోచ్ నన్ను సలహా అడిగాడని చెప్పాను. అతను ఎప్పుడూ కాదనలేదు. నా ముఖం వంక కాకుండా చొక్కా బొత్తాం దగ్గర చూస్తూ వినేవాడు. ఊళ్ళో నా మాటలు అంతసేపు కూర్చుని విన్నది అతనొక్కడే. అది నాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

ఫైనల్ సింగరాయకొండలో. దానికి నాలుగు రోజుల ముందు కాపలా వాళ్ళావిడ కోర్టు దగ్గరికి వచ్చింది. చంకలో సూదిదారాల సంచి ఉంది, పరుపులు కుట్టడంలో మొగుడికి సమానం ఆవిడ.

"మాస్టారూ, మా అన్నోళ్ళు ఒంగోల్లో కొట్టు పెడతన్నారు. మమ్మల్ని వచ్చెయ్యమంటన్నారు. ఈయనేమో రానంటన్నాడు. మా జట్టు, మా మాస్టారు అని ఒకటే పాట."

"మంచిదేగా అమ్మా."

"ఏం మంచి? మా అన్న ఎక్కడో ఆట చూశాడంట. 'మీ ఆయన ఆడేదేంది, బెంచీ మీద కూర్చుని తువాళ్ళు మడతపెడతన్నాడు' అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నేనెప్పుడూ చూళ్ళేదు. ఆదివారం సింగరాయకొండ వస్తన్నా. ఈయన నిజంగా ఆటగాడైతే ఇక్కడే ఉంటాం, మా అన్నోళ్ళకి నేనే చెప్పుకుంటా. తువాళ్ళ పనే అయితే ఒంగోల్లో పరుపులకి మడతలు పెట్టుకుంటాడు."

కాపలా తల వంచుకుని నవ్వుతున్నాడు. నేను మెడలో విజిల్ పట్టుకున్నాను. "ఇదిగో, దీని మీద ఒట్టు. చివరి నాలుగు నిమిషాలూ ఈయనవే. నువ్వు ముందు వరసలో కూర్చో."

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మొదలైంది ఆట. హైవే పక్కనే కోర్టు, లారీ హారను మోగితే అదే విజిలనుకుని సగంమంది ఆగిపోయేవాళ్ళు. ఆవిడ ముందు వరసలోనే కూర్చుంది, ఒళ్ళో పులిహోర డబ్బా. ఎదుటి జట్టు షూటర్ తలకి ఎర్రగుడ్డ కట్టుకున్నాడు. ఎక్కడినుంచి వేసినా పడుతోంది. కెప్టెన్ ముఖం చూసి నేను మొదటి భాగంలో కాపలాని దించలేదు. రెండో భాగంలో దించలేదు. మూడో భాగంలోనూ దించలేదు. అతను బెంచీ చివర కూర్చుని ఆ షూటర్ నడుం వంకే చూస్తున్నాడు.

నాలుగు నిమిషాలుందనగా మేం మూడు పాయింట్లు వెనకబడ్డాం. "లేవయ్యా" అన్నాను. అతను పైచొక్కా విప్పి స్కోరర్ బల్ల పక్కన కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ కూర్చుని ఆట ఆగేదాకా ఆగాలి, తర్వాత హారను మోగితే లోపలికి వెళ్ళాలి. ఆట ఆగింది. లెక్కల మాస్టారు హారను నొక్కాడు. కాపలా లోపలికి వెళ్ళాడు.

ఆ నాలుగు నిమిషాలు ఎలా చెప్పను. షూటర్ కుడికి నటించి ఎడమకి దూకాడు, కాపలా అక్కడే ఉన్నాడు. వెనక్కి తగ్గి పరుగెత్తాడు, అక్కడా ఉన్నాడు. వాళ్ళవాళ్ళు షూటర్‌కి బంతి ఇద్దామని చూసినప్పుడల్లా మధ్యలో ఒక పొడుగు చెయ్యి కనిపించేది. నాలుగు నిమిషాల్లో షూటర్ చేతికి బంతి రెండుసార్లు అందింది, ఒక్కసారి కూడా బుట్ట వైపు పోలేదు. చివరికి ఎర్రగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు, కళ్ళు మండాయి, కూలబడ్డాడు. మజ్జిగ సరిపోలేదన్నమాట. మేం ఒక్క పాయింటుతో గెలిచాం. ముందు వరసలో ఆవిడ లేచి నిలబడింది, ఒళ్ళోంచి డబ్బా పడిపోయింది, పులిహోరంతా సిమెంటు మీద. తిరుగు బస్సులో నా సీటు దగ్గరికి వచ్చి, "ఇక్కడే ఉంటాంలెండి మాస్టారూ" అంది.

ఇక ఆ ఒట్టు సంగతి.

మీరు మేక దగ్గర నవ్వి ఉంటారు. మేక నిజం. రిఫరీకి బంతి అప్పజెప్పటం నిజం. నర్సరావుపేట ఆయన కళ్ళు మూసుకుని ఆడటం నిజం, కాకపోతే సగం ఆట కాదు, అయిదు నిమిషాలు. హాజరుపట్టీ తిన్న మాట అబద్ధం, అది చిరిగితే మేక మీద పెట్టాం. జాతీయ జట్టు కోచ్ నన్నేమీ అడగలేదు. ఇవి చిన్నవి. నేను పుట్టించింది ఆ నాలుగు నిమిషాలు.

అతను పైచొక్కా విప్పిన మాట నిజం. స్కోరర్ బల్ల పక్కన కుర్చీలో కూర్చున్న మాట నిజం. ఆట ఆగింది కూడా. కెప్టెన్ నడుం మీద చేతులు పెట్టుకుని కోర్టు మధ్యలోంచి నన్ను చూశాడు. "మాస్టారూ, మూడు పాయింట్లు వెనకున్నాం. ఇప్పుడు నలుగురితో ఆడమంటారా?" అన్నాడు, జనమంతా వినేట్టు. వెనకనుంచి ఎవరో, "రిఫరీకి బంతి ఇవ్వటానికి పంపుతన్నాడు" అని అరిచారు, నవ్వారు. నాకు పొదిలి గుర్తొచ్చింది. లెక్కల మాస్టారు హారను మీద చెయ్యిపెట్టి నా వంక చూస్తున్నాడు.

నేను కాపలా వైపు తలతిప్పి ధైర్యంగా నవ్వాను. పంపబోయేవాడిలాగే నవ్వాను. అతను నా ముఖం చూడలేదు. నా పొట్ట వంక చూశాడు. నేను నోరు తెరవకముందే కుర్చీలోంచి లేచి, పైచొక్కా తొడుక్కుంటూ బెంచీ దగ్గరికి వచ్చేశాడు. "ఒక్క నిమిషం ఆగి పంపుతా" అన్నాను అతని వీపుతో. అతను తువాళ్ళు తీసుకుని మడతపెట్టసాగాడు.

ఆ నాలుగు నిమిషాల్లో షూటర్ మూడుసార్లు బుట్టలో వేశాడు. ఓడిపోయాం. ఆవిడ కోర్టు వంక చూడటం ఎప్పుడో మానేసింది. నన్నే చూస్తోంది. పులిహోర డబ్బా మూత తియ్యకుండానే తిరిగొచ్చింది.

బస్సులో అతనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "పోన్లెండి మాస్టారూ. మేక రాని రోజు కాపలాకి ఏం పని ఉంటది" అన్నాడు. ఆ రోజు మేక వచ్చింది. ఎర్రగుడ్డ కట్టుకుని వచ్చింది. నా కోసం అతను ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది. నాకు అతనిలా పొట్టలు చదవటం రాదు గానీ, దాన్ని మాత్రం చదివాను.

పది రోజులకి వాళ్ళు ఒంగోలు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు మొగుడూ పెళ్ళాలు నాకొక పరుపు కుట్టిపెట్టారు. వద్దన్నా వినలేదు. ఆ ఫైనల్ స్కోరు షీటు లెక్కల మాస్టారు దగ్గర ఉండేది. ఆయన పోయాక ఆయన కాగితాల్లో నాకు దొరికింది. ఆటలోకి దిగిన ప్రతి ఆటగాడి పేరు పక్కనా ఇంటూ గుర్తు పెడతారు. కాపలా పేరు పక్కన ఇంటూలో మొదటి గీత గీసి ఉంది. రెండో గీత లేదు. హారను నొక్కబోతూ మాస్టారు ముందుగానే మొదలుపెట్టి, ఆగిపోయాడన్నమాట. ఎన్ని కొట్టేసి ఎన్నిటితో భాగించినా అది అంతే ఉంటుంది.

ఆ తర్వాత ఈ కథ టీకొట్టు దగ్గర, రిటైర్మెంటు సభల్లో, పెళ్ళి భోజనాల్లో చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అతన్ని లోపలికి పంపాను. ఒక్కసారి కూడా వెనక్కి పిలవలేదు.

ఇప్పుడు సాయంత్రాలు కోర్టు దగ్గరికి వెళ్ళి బెంచీ మీద కూర్చుంటాను. బోర్డులకి బుట్టలు లేవు. కాయలు ఆరుతూనే ఉన్నాయి, కాపలాకి ఎవరో కొత్తవాడున్నాడు. కర్ర పట్టుకుంటాడు. పరుపులో దూది గడ్డకట్టింది, ఏకించాలి. ఊళ్ళో ఏకేవాళ్ళు ఉన్నారు. ఇస్తానని వాళ్ళకి చెబుతూనే ఉన్నాను, నవ్వుతూ, ఇచ్చేవాడిలాగే.